ల్యాబులో కూర్చున్న అత్తగారు

ఇప్పుడు మీరు కంప్యూటర్ తెర మీద రెండు లోహపు ముక్కలు గీసి, ఒకదానికి వేడి పెట్టి, ఆ వేడి రెండోదానికి ఎలా పాకుతుందో చూడాలనుకుంటే టీ తాగి వచ్చేలోపు రంగురంగుల బొమ్మ తయారుగా ఉంటుంది. నేను ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో అలా ఉండేది కాదు. లెక్క మనమే రాసుకోవాలి, ప్రోగ్రాం మనమే రాసుకోవాలి, అది నడుస్తున్నంతసేపూ కరెంటు పోకూడదని మొక్కుకోవాలి. కంప్యూటర్ గదిలోకి గుడిలోకి పోయినట్టు చెప్పులు విప్పి పోయేవాళ్ళం. కాలేజీ మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే కావడంతో ఎండాకాలంలో మా ప్రిన్సిపాల్ కూడా ఏదో ఒక పని కల్పించుకుని వచ్చి కూర్చునేవారు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, "మేడమ్, మీకు బాగా గుర్తుండిపోయిన స్టూడెంట్ ఎవరు?" అని అడుగుతుంటారు. ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ళు, పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ నాకు ముందు గుర్తొచ్చేది స్టూడెంటు కాదు. ఏ క్లాసులోనూ పేరు లేకుండా ఒక విద్యా సంవత్సరమంతా మా ల్యాబులో స్టూలు మీద కూర్చున్న ఒక అత్తగారు. ఆమె కోడలు మా స్టూడెంటు.

ఆ అమ్మాయి మూడో సంవత్సరం వరకు మా దగ్గరే చదివింది. లెక్కల్లో మంచి చురుకు. క్లాసులో నేను బోర్డు మీద తప్పు రాస్తే చెయ్యెత్తకుండానే గట్టిగా చెప్పేసేది. పెళ్ళి కుదిరి మధ్యలో మానేసింది. అత్తగారిది తొండూరు దగ్గర ఒక పల్లె. పిల్లవాడు మంచివాడనీ, పెళ్ళయ్యాక మిగిలిన సంవత్సరం చదివిస్తానని మాటిచ్చాడనీ నాకు శుభలేఖ ఇచ్చినప్పుడు చెప్పింది.

మా వైపు ఊళ్ళలో ఆ రోజుల్లో పార్టీ అంటే జెండా కాదు. ఎవరి వెనక ఎవరు నిలబడతారన్నదే పార్టీ. ఎన్నికలప్పుడు ఒక్కో గుంపుకు ఒక్కో జెండా దొరికేది. మరుసటి ఎన్నికలకు జెండాలు అటూ ఇటూ మారినా గుంపులు మాత్రం మారేవి కావు. ఆ అమ్మాయి భర్త ఒక గుంపులో ముందు నడిచే కుటుంబంలో పుట్టాడు. అదొక్కటే అతను చేసిన నేరం. పెళ్ళయిన రెండో ఏడు, పులివెందులలో పని చూసుకుని తిరిగొస్తుంటే దారిలో జీపు ఆపి చంపేశారు.

ఆ అమ్మాయి మళ్ళీ కాలేజీ మెట్లెక్కినప్పుడు నేను గుర్తుపట్టలేదు. మెడ బోసిగా ఉంది. చూపు నేల మీద ఉంది. ఆమె వెనక, భుజాన గుడ్డ సంచి తగిలించుకుని ఒక పెద్దామె.

"మేడమ్, ఈ పాపను మల్లా సదివించల్ల," అంది ఆ పెద్దామె, నమస్కారం కూడా పెట్టకుండా. "నా కొడుకు సదివిస్తానని మాటిచ్చినాడు. వాడు పోయినాడు గాని మాట పోల్యా గదా."

ఊళ్ళో ఉంటే ప్రమాదమని అత్తాకోడళ్ళు ప్రొద్దుటూరులోనే ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పెద్దామె భర్త ఎప్పుడో జబ్బు చేసి పోయాడు. రెండో కొడుకు పల్లెలో పొలం చూసుకుంటున్నాడు. అమ్మాయి పుట్టింటివాళ్ళు పిలిచినా ఆమె పోలేదు. ఇదీ సంసారం.

మొదటి రోజు నుంచే చిక్కు వచ్చింది. కోడలు క్లాసుకు పోతే అత్త వరండాలో కూర్చునేది. కోడలు లైబ్రరీకి పోతే అత్త లైబ్రరీ గుమ్మం దగ్గర ఉండేది. ప్రిన్సిపాల్ పిలిపించి, ఇది కాలేజీ అనీ, బయటివాళ్ళు ఇలా కూర్చోకూడదనీ చెప్పారు.

"నేనేం మాట్లాడను సార్. పాప కనపడతాంటే సాలు నాకు."

"అమ్మాయికి ఇక్కడ భయమేమీ లేదమ్మా. మన వైపు ఆడవాళ్ళ జోలికి ఎవరూ పోరు."

"నా కొడుకు జోలికీ పోరనే అనుకుంటి సార్," అందామె.

ఆ తర్వాత ప్రిన్సిపాల్ ఈ సంగతి ఎత్తలేదు. వరండాలో ఎండ నేరుగా పడుతుంటే చూడలేక నేను ఒక స్టూలు తెప్పించి ల్యాబులో ద్వారం పక్కన వేయించాను.

మా డిపార్ట్‌మెంట్ హెడ్డుగారిది గోదావరి జిల్లా. మెత్తటి మనిషి, మెత్తటి మాట. మా భాష వింటే ఎవరో ఎవరినో కొట్టబోతున్నారని ఆయనకు అనిపించేదట. ఆయన నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగారు, "ఏమండీ, ఆవిడ సంచిలో ఏముంటుందంటారు?" నాటుబాంబుల కథలు పేపర్లో చదివీ చదివీ ఆయన అలా అయ్యారు. నేను పోయి పెద్దామెనే అడిగాను. ఆమె సంచి మూతి విప్పి, గుప్పెడు వేయించిన శెనక్కాయలు తీసి ఆయన చేతిలో పోసింది. "తిను నాయనా, శానా సన్నబడినావు," అంది. ఆ సాయంత్రానికి మా హెడ్డుగారి భయం సగం పోయింది. మిగతా సగం కూడా పోవడానికి నెల పట్టింది. అప్పటికి ఆయన పొద్దున రాగానే, "అమ్మగారు వచ్చారా అండీ?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు నలుగురైదుగురు కలిసి చేసేవాళ్ళు. ఈ అమ్మాయితో కలవడానికి ఎవరూ ముందుకు రాలేదు. పిల్లలు చెడ్డవాళ్ళు కారు. ఇంట్లో పెద్దవాళ్ళు, "ఆ పిల్లతో వద్దు, ఎందుకొచ్చిన గొడవ," అని ఉంటారు. అందుకని ఒక్కతే చేసుకునేలా ఆమెకు నేను ఒక ప్రాజెక్టు ఇచ్చాను. రెండు కడ్డీలు, ఒకటి ఇత్తడిది, ఒకటి ఉక్కుది. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, స్క్రూ మరతో బిగించి, కింద వేడి పెట్టి పైన చల్లటి నీళ్ళు తిప్పాలి. కడ్డీల వెంట అక్కడక్కడా ఉష్ణోగ్రత కొలిచే సన్నటి తీగలుంటాయి. ఇదే సంగతిని కంప్యూటర్‌లో కూడా నడపాలి. కడ్డీని చిన్న చిన్న ముక్కలుగా అనుకుని, ఒక్కో ముక్క పక్కదానికి ఎంత వేడి ఇస్తుందో లెక్క కడుతూ పోవాలి. చివరికి కంప్యూటర్ చెప్పింది, కొలిచింది ఒకటే కావాలి. సులువైన పని, పాపం ఈ పిల్లకు ఈ పరిస్థితుల్లో ఇది చాలు అనుకున్నాను. సులువు కాలేదు.

ప్రోగ్రాం బాగానే నడిచింది. తెర మీద కడ్డీ అడుగున ఎర్రగా, పైకి పోయేకొద్దీ పసుపు, ఆకుపచ్చ, నీలం. పెద్దామెకు ఆ బొమ్మ భలే ఇష్టం. "మేడమ్, ఆ నీలం తెప్పించండి," అని అడిగేది. కానీ నిజం కడ్డీల దగ్గర కొలిస్తే సంగతి వేరేగా ఉంది. రెండు కడ్డీలు కలిసే చోట ఉష్ణోగ్రత దబ్బున పడిపోతోంది. కింది కడ్డీ పైకొస చేతికి కాలేంత వేడి. దానికి ఆనుకునే ఉన్న పై కడ్డీ అడుగు గోరువెచ్చన. మధ్యలో వెంట్రుకంత సందు కూడా లేదు. ఆ వేడి ఎక్కడికి పోయినట్టు?

హెడ్డుగారు తీగలు పాతబడ్డాయన్నారు. కొత్త తీగలు వేశాం. అంతే వచ్చింది. ప్రోగ్రాంలో తప్పుందేమోనని ఆ అమ్మాయి మొదటి నుంచి మళ్ళీ రాసింది. అంతే వచ్చింది. వారాలు గడిచాయి.  ఆ పిల్ల తెర ముందు కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చూస్తూ ఉండేది. ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుంటే నెమ్మదిగా అంది, "మేడమ్, నేను ఏం పట్టుకున్నా ఇంతేనేమో."

నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. చదువుకున్నవాళ్ళం గదా, ధైర్యం చెప్పడానికి మా దగ్గర మాటలకేం తక్కువ లేదు. ద్వారం పక్క నుంచి పెద్దామె గొంతు వినిపించింది.

"ఎత్తిపోయిన ప్రతిదీ నీ వల్లనేనా పాపా? సెనగపంట పోయింది మొన్న. అదీ నీ వల్లనేనా? లెయ్. మొగం కడుక్కోనొచ్చి మల్లా సూడు."

అమ్మాయి లేచి ముఖం కడుక్కుని వచ్చింది. వచ్చి, "మేడమ్, ఆ కడ్డీల ముఖాలు ఒకసారి దగ్గరగా చూద్దామా?" అంది.

లోహాల ల్యాబులో మైక్రోస్కోపు ఉంది. మర విప్పి, కడ్డీలు తీసుకుపోయి, అవి ఆనుకునే ముఖాలు దాని కింద పెట్టాం. కంటికి అద్దంలా కనిపించిన ఇత్తడి, ఆ గాజులోంచి చూస్తే గట్లూ చాళ్ళూగా ఉంది. అలాంటి రెండు ముఖాలు ఆనుకుంటే గట్టుకు గట్టు తగిలిన కొద్ది చోట్లలోనే నిజంగా తాకుతాయి. మిగతా అంతా గాలి. గాలిలోంచి వేడి అంత సులువుగా దాటదు. మేము ప్రోగ్రాంలో రెండు కడ్డీలు పూర్తిగా అతుక్కుని ఉన్నాయనుకున్నాం. నేనూ అలాగే చెప్పాను, పుస్తకంలో మొదటి లెక్కా అలాగే ఉంది. ఈ సంగతి చెప్పే వెనక అధ్యాయం నేను ఏనాడూ పాఠం చెప్పలేదు. సిలబస్‌లో లేదు గదా.

పెద్దామె తనూ చూస్తానంది. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. "దున్నినారు గాని ఇంకా ఇత్తనం యెయ్యల్యా," అంది. కోడలి పెదవి కదిలింది గానీ నవ్వు రాలేదు.

ఆ తర్వాత దారి తెలిసింది. ప్రోగ్రాంలో రెండు కడ్డీల మధ్య వేడికి ఒక అడ్డు పెట్టాలి. ఆ అడ్డు ఎంత అన్నది మర ఎంత బిగిస్తామో దాన్ని బట్టి ఉంటుంది. గట్టిగా బిగిస్తే గట్లు నలిగి ఎక్కువ చోట్ల తాకుతాయి, వేడి ఎక్కువ దాటుతుంది. వదులు చేస్తే తక్కువ. ఆ అమ్మాయి మర కొంచెం కొంచెంగా బిగిస్తూ, ప్రతిసారీ కడ్డీలు నిలకడకు వచ్చేదాకా కాచుకుని, కొలతలు తీసింది. మా ల్యాబ్ అసిస్టెంటు పశువులు మేపే ఇంట్లో పుట్టిన మనిషి, ఓపిక అతని సొత్తు. నీళ్ళ గొట్టం పట్టుకుని ఆమె వెంటే నిలబడ్డాడు.

ఒక రోజు కంప్యూటర్ గీసిన గీత, కొలిచి చుక్కలు పెట్టిన గీత ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కడ్డీలు కలిసే చోట వేడి పడిపోవడం కూడా అచ్చం అలాగే, అంతే. నేను పక్క బెంచీ దగ్గర వేరే పిల్లలతో మాట్లాడుతున్నాను. వెనక నుంచి నవ్వు వినిపించింది. చిన్న నవ్వు కాదు, గలగలా. మూడో సంవత్సరంలో వెనక బెంచీ నుంచి వినిపించే అదే నవ్వు. తిరిగి చూస్తే ఆ అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుని, భుజాలు ఊగేలా నవ్వుతోంది. ల్యాబ్ అసిస్టెంటు ఎందుకో తెలియకుండానే తనూ నవ్వుతున్నాడు.

స్టూలు ఖాళీగా ఉంది. బయటికి వచ్చి చూశాను. పెద్దామె వరండా స్తంభానికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఏమైందమ్మా?"

"ఏం చేసినారు మేడమ్ ఆ పిల్లను? నవ్వింది." కొంగు తీసి ముఖం తుడుచుకుంది. "వాడు పోయినంక ఆ పిల్ల నవ్వితే యినల్యా నేను. ఇంట్లో ఇద్దరం ఉంటాం. నేను ఏడిస్తే ఆ పిల్ల ఏడుస్తాదని నేను ఏడ్సను. ఆ పిల్లా అంతే."

మళ్ళీ తనే అంది, "నిజం చెప్తాండా మేడమ్. పాపను కాపలా కాయడానికి నేనిట్ల వస్తాండానని అందరూ అనుకుంటాండారు. అది గూడా ఉండాది. కానీ ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండల్యాను. గోడలకల్ల చూస్తాంటే నా కొడుకే కనపడతాడు."

నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. మాది జమ్మలమడుగు. ముత్తాతల నాడు క్రైస్తవ మిషన్‌లో చేరిన కుటుంబం. చావు ఇంటికి పోతే ఏం మాట్లాడాలో, ఏ వాక్యం చదవాలో చిన్నప్పటి నుంచీ నేర్పారు మాకు. ఆ రోజు అవేవీ చెప్పబుద్ధి కాలేదు. సంచిలోంచి శెనక్కాయలు తీసి ఇద్దరం ఒలుచుకుని తిన్నాం.

ప్రాజెక్టు వైవా తేదీ వచ్చింది. అదే వారంలో పంచాయతీ ఎన్నికల నామినేషన్లూ వచ్చాయి. పెద్దామె వాళ్ళ పల్లె సర్పంచు సీటు ఆ సారి ఆడవాళ్ళకు కేటాయించారు.

రెండో కొడుకు ప్రొద్దుటూరు వచ్చాడు. కాలేజీకి వచ్చి నన్ను కూడా కలిశాడు. చిన్న వయసే గానీ కళ్ళ కింద నిద్ర లేని నలుపు. మర్యాదగానే మాట్లాడాడు.

"మేడమ్, వదినెను నిలబెట్టాలని మా పార్టీ పెద్దోళ్ళంతా అనుకున్యారు. అన్న పోయిన ఇల్లు. వదినె నిలబడితే జనం వేరే యెవురికీ యెయ్యరు. ఈ సారి సీటు పోయిందంటే మావాండ్లు ఊర్లో తలెత్తుకోల్యారు. నామినేషన్‌కు ఆఖరు రోజు ఆ వైవా రోజే పడింది. మీరు ఆ పరీచ్చ వేరే రోజు పెట్టుకోండి."

"వైవా తేదీ నా చేతిలో లేదు నాయనా. బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. ఆ రోజు పోతే మళ్ళీ ఆరు నెలలకే."

"ఆరు నెలలు పోతే ఏం మేడమ్? యేమంత తొందర?"

ఆరు నెలలకు తిరిగొస్తుందన్న మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. సర్పంచు కుర్చీలో కూర్చున్నాక ఆ అమ్మాయికి ఊరు వదిలి రావడం కుదరదు. పేరు ఆమెది, చుట్టూ తుపాకులు, సంతకాలు మాత్రం పెట్టమన్నచోట. అమ్మాయిని అడిగాను. తల వంచుకునే చెప్పింది, "ఆయన పేరు చెప్పి అడుగుతాండారు మేడమ్. కాదని యెట్ల అనేది?"

సాయంత్రం వాళ్ళ ఇంటికి పోయాను. పెద్దామె చాటలో బియ్యం ఏరుతోంది. ఆమె కోడలి చదువు వైపు ఉంటుందనే నమ్మకంతో పోయిన నేను నిరాశపడ్డాను. ఆమె చేతులు ఆపలేదు.

"మేడమ్, నా కొడుకును చంపినోళ్ళు ఆ కుర్చీలో కూచుంటే నేను యెట్ల చూసేది? చెప్పు."  నేను లేచి వస్తుంటే మాత్రం, "పాప ఆ పరీచ్చలో ఏమేమి చెప్పల్ల? ఎంతసేపు పడతాది?" అని అడిగింది. అంతకు మించి ఆమె మనసులో ఏముందో నాకు అంతుపట్టలేదు.

వైవా రోజు అత్తాకోడళ్ళు ఎప్పటిలాగే వచ్చారు. కోడల్ని నామినేషన్‌కు తీసుకుపోయే జీపు ఇంకా రాలేదు. అనంతపురం నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్ద వయసువాడు, కళ్ళద్దాల మీదుగా చూసే మనిషి. అమ్మాయి బొమ్మలు చూపించి, లెక్కలు చెప్పింది. ఆయన అంతా విని, కలిసే చోట ఉష్ణోగ్రత పడిపోయిన గీత మీద వేలు పెట్టాడు.

"కొలతలు ముందు తీసుకుని, దానికి సరిపోయేలా ఈ అడ్డును నువ్వే ప్రోగ్రాంలో పెట్టుకున్నావు గదమ్మా. అప్పుడు సరిపోక ఏమవుతుంది?"

 ప్రశ్న న్యాయమైందే. అమ్మాయి మాత్రం తలెత్తింది.

"అయితే సార్, నేను ఇంతవరకు కొలవని బిగింపు మీరే చెప్పండి. కొలవకముందే ఎంత వస్తుందో కంప్యూటర్‌లో లెక్క కట్టి చూపిస్తాను. తర్వాత మీ ముందరే కొలుస్తాను."

పెద్దాయనకు ముచ్చటేసింది. లేచి తన చేత్తోనే మర తిప్పాడు. అమ్మాయి ప్రోగ్రాం నడిపి, వచ్చిన అంకెలు బోర్డు మీద రాసింది. ఇక కడ్డీలు వేడెక్కి నిలకడకు రావాలి. దానికి తొందర ఉండదు. అప్పుడే గేటు దగ్గర జీపు చప్పుడైంది.

రెండో కొడుకుతో పాటు మరో నలుగురు దిగి నేరుగా మా వరండాలోకి వచ్చారు. నేను ఏం చేయాలో తోచక నిలబడిపోయాను. అంతవరకు జీపు చప్పుడు వింటేనే కిటికీ మూసే మా హెడ్డుగారు, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, ఎదురుపోయి చేతులు జోడించారు.

"రండి బాబూ, రండి. ఎండన పడి వచ్చారు. స్టాఫ్ రూములో కూర్చోండి. కాఫీ తాగుదురుగాని. ఏమయ్యా, ఆరు కాఫీలు పట్టుకురా. టిఫిను చేశారా మీరు?"

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంత మర్యాదను ఎలా కాదనాలో వాళ్ళకు తెలియలేదు. పోయి కూర్చున్నారు. రెండో కొడుకు మాత్రం ల్యాబు ద్వారం దగ్గరికి వచ్చాడు. ద్వారంలో అప్పటికే వాళ్ళమ్మ నిలబడి ఉంది.

"వదినెను పిలువు మా. టయిం అయితాంది."

"పాప లోపల మాట్లాడతాంది. అయ్యేదాక యెవురూ లోపలికి పోగూడదు."

"మధ్యాన్నం దాటితే నామినేషన్ తీసుకోరు మా. నీకు చెప్తే అర్థం కాదు."

"ఆడమనిషి కావాల. అంతే గదా?"

"అంతే."

"పా పోదాం. నేను వస్తా."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "నువ్వా? నీకు సంతకమే రాదు గదా మా."

"ఏలిముద్ర యేస్తా. ఏలుండాది గదా."

"అట్ల కాదు మా. వదినె అయితే జనం జాలిపడతారు..."

"ఒరేయ్," అంది ఆమె. గొంతు పెంచలేదు. "వాణ్ణి కన్నదాన్ని నేను. ఆ ఊర్లో నాకంటే జాలిపడాల్సినోళ్ళు యెవురుండారు, చెప్పు? నీకు సీటు కావాల. నాకూ కావాల. దానికి నన్ను తీస్కపో. ఆ పిల్లను ఇడ్సిపెట్టు. ఆ పిల్లకు ఇరవై మూడేండ్లు రా."

 కొడుకు ద్వారబంధానికి చెయ్యి ఆనించి తల వంచుకున్నాడు. అప్పుడు చూశాను, అతనూ ఆ పిల్ల వయసువాడే. వాళ్ళమ్మ అతని తల మీద చెయ్యి వేసి, "నువ్వు గూడా భయపడతాండావు. నాకు తెలీదా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మేడమ్, పాప అన్నం తినల్యా. అయినంక తినిపించండి," అని చెప్పి, సంచి నా చేతికిచ్చి, కొడుకు ముందు నడిచి జీపెక్కింది. ఒకసారి లోపలికి తొంగి కూడా చూడలేదు.

లోపల కడ్డీలు నిలకడకు వచ్చాయి. ఎగ్జామినర్ తనే వంగి కొలతలు చదివాడు. బోర్డు మీది అంకెలకూ వాటికీ తేడా ఉందా అంటే ఉంది, ఉన్నా లేనట్టే. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నేను ఇంకేమీ అడగనమ్మా," అన్నాడు.

అమ్మాయి పరుగున బయటికి వచ్చింది. ఖాళీ స్టూలు చూసింది.

"అత్త యాడ మేడమ్?"

చెప్పాను. ఆమె అక్కడే ఆ స్టూలు మీద కూర్చుండిపోయింది. "ఆమెకు జీపు పడదు మేడమ్, కడుపులో తిప్పుతాది," అంది. సంచిలోని అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోతూ, మళ్ళీ గుర్తు తెచ్చుకుంటూ తినింది. మా హెడ్డుగారు తలుపు దగ్గర నిలబడి, "కాఫీ మిగిలిందండీ," అన్నారు.

ఎన్నికల్లో పెద్దామె ఓడిపోయింది. కొద్ది ఓట్లతోనే అనుకోండి. ఇంటింటికీ తిరిగి, కొడుకు పేరు ఒక్కసారీ ఎత్తకుండా, "నాకు యెయ్యండి" అని మాత్రం అడిగిందట. ఓడాక ఆమెను చూడటానికి భయపడుతూ పోయాను. ఆమే నన్ను ఓదార్చింది.

"శానా బాధ పడితి మేడమ్, రెండు దినాలు అన్నం తినల్యా. మూడో దినం తెలిసింది. గెలిచింటే మావాండ్లు నన్ను ఊరు కదలనిచ్చేటోళ్ళు కాదు. పాపకాడ యెవురుండేది?"

రెండో కొడుకు కొన్నాళ్ళు తల్లితో మాట్లాడలేదు. తర్వాత పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు, ఆ పిల్లల స్కూలు కోసం తనూ ఊరు వదిలి జమ్మలమడుగుకు మారాడు. ఆ ఊరి సర్పంచు ఎవరో ఇప్పుడు అతనికే సరిగ్గా తెలియదంటాడు. మా హెడ్డుగారు బదిలీ దొరికి గోదావరికి పోయారు. పోయేటప్పుడు ప్లాట్‌ఫాం మీద "శానా థ్యాంక్సండీ," అన్నారు. మా "శానా" తన నోట వచ్చిందని ఆయనకు తెలియదు, మేము చెప్పలేదు.

ఆ అమ్మాయి ఎమ్‌టెక్ చేసి బెంగళూరులో ఉద్యోగంలో చేరింది. చిప్పుల వేడి వాటి మీద అతికించిన లోహపు పలకలోకి ఎంత దాటుతుందో కంప్యూటర్‌లో లెక్క కట్టే పని. అత్త కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు ఇక్కడ ఉండేది.

నేను రిటైరయ్యే ఏడు ఒకసారి ప్రొద్దుటూరు బస్టాండులో పెద్దామె కనిపించింది. బెంగళూరు బస్సు కోసం నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది, తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది.

"యాడికమ్మా ఇంత ముస్తాబు?" అన్నాను, ఆమె మాటలోనే.

"పెండ్లి చూపులు మేడమ్. నేను ల్యాకుండా జరగవంట."

"ఎవరికి?"

"ఇంకెవురికి? నా కోడలికే. ఆ పాపతో పనిచేసే పిల్లోడంట. మంచోడే మాదిరుండాడు. నాతో ఫోన్లో మాట్లాడినాడు, భయపడతానే మాట్లాడినాడు." ఆ మాట చెప్పినప్పుడు ఆమె ముఖంలో ఒక గర్వం కనిపించింది.

 ఏదో ఒకటి అనాలి గదా అని, "పిల్లవాడి తరపువాళ్ళు మీరు అమ్మాయికి ఏమవుతారని అడిగితే ఏం చెప్తారు?" అన్నాను.

"పాప కూడా అదే అడిగింది. అమ్మ అని చెప్పు అత్తా, అనింది. వాళ్ళమ్మ ఉండాది గదా, ఆమెనూ రమ్మన్యా. నేనెందుకు అబద్దం చెప్పల్ల? అత్తనే అని చెప్తా."

బస్సు వచ్చింది. నేను చెయ్యి పట్టి ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్ళో సర్దుకుని, బస్సు కదులుతుండగా తల బయటికి పెట్టి అరిచింది.

"ఇప్పుడు ఇంకొకామె అత్త అయితాది మేడమ్. ఆ పాపను యెట్ల చూసుకోవల్లనో ఆమెకు నేను గాక యెవురు చెప్పల్ల?"